బాపు కేఎంపీఎల్, నా ఎర్ర చుక్క

కిందటి నెల బండిని సర్వీసింగ్‌కు ఇచ్చే ముందు రోజు రాత్రి బోనెట్ ఎత్తి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా క్లిప్పులు తీసి, లోపలున్న ఫిల్టర్ అంచు మీద ఎర్ర నెయిల్ పాలిష్‌తో చిన్న చుక్క పెట్టాను. మా అమ్మాయి టార్చి పట్టుకుని పక్కన నిలబడి "ఏందమ్మా, బండికి దిష్టి చుక్కా?" అంది. అవునన్నాను. మర్నాడు సాయంత్రం చేతికొచ్చిన బిల్లులో ఎయిర్ ఫిల్టర్ మార్చినట్టు రాసి ఉంది, ధర కూడా వేశారు. ఇంటికొచ్చి డబ్బా తెరిస్తే నా చుక్క అక్కడే ఉంది. ఫిల్టర్‌కు గాలి కొట్టి దుమ్ము మాత్రం శుభ్రంగా దులిపారు, ఆ మాట ఒప్పుకోవాలి.

తెల్లారి ఆ ఫిల్టర్ చేత్తో పట్టుకుని వెళ్లాను. కౌంటర్ దగ్గరున్న అబ్బాయి చుక్కను చూశాడు, నన్ను చూశాడు, లోపలికి వెళ్లాడు. కాసేపటికి డబ్బులు వాపసొచ్చాయి. "పోరడు మర్చిపోయిండు మేడం" అన్నారు. ఏ సర్వీస్ సెంటరో రాయను. కోపం వాళ్ల మీద కంటే నా మీదే ఎక్కువ వచ్చింది. బుక్కులో ముద్ర పడింది కాబట్టి బండి బాగున్నట్టేనని ఏళ్ల తరబడి నమ్మినదాన్ని నేనే కదా.

ఈ ముచ్చట స్టాఫ్ రూములో చెప్తే, కొత్తగా కారు కొన్న సోషల్ మేడం "మీరు బండికి ఏమేం చేస్తరో ఒక కాయితం మీద రాసియ్యండి" అని అడిగింది. రాయడం మొదలుపెట్టాను, కాయితం సరిపోలేదు.

నేను లెక్కల టీచర్ని. హనుమకొండ నుంచి పరకాల వైపు ఒక ఊళ్లో ఉన్న జిల్లా పరిషత్ హైస్కూల్‌కు పోను 31 కిలోమీటర్లు, రాను 31. బండి 2014 జనవరిది, చిన్న పెట్రోల్ కారు. నంబర్ ప్లేటు మీద ఇప్పటికీ ఏపీ 36 ఉంటుంది. తర్వాత టీఎస్ 03 వచ్చింది, 2024 మార్చి నుంచి టీజీ వచ్చింది, నా బండి మాత్రం పాత పేరుతోనే తిరుగుతోంది. దాంట్లో ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లేదు, ఎయిర్‌బ్యాగ్ ఒక్కటి కూడా లేదు. కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి చేసింది 2019లో. అంటే నా బండిలో నన్ను కాపాడేవి నాలుగు టైర్లు, బ్రేకులు, ఒక బెల్టు, బాపు మాటలు.

బాపు అంటే మా నాన్న. ఆయన సంగతి చెప్పాలి. ఆర్టీసీలో ఇరవై తొమ్మిదేళ్లు డ్రైవర్‌గా చేశాడు. డిపోలో నోటీస్ బోర్డు మీద ఒక్కో డ్రైవర్ పేరుకెదురుగా కేఎంపీఎల్ రాసేవాళ్లు. లీటరు డీజిల్‌కు బస్సు ఎన్ని కిలోమీటర్లు నడిచిందన్న లెక్క అది. మా ఇంట్లో దానికి పరీక్ష మార్కులంత విలువ. నా ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెడుతూ "నీకు లెక్కల్ల తొంభై రెండు, నాకు అయిదున్నర. ఎవలు గొప్ప?" అనేవాడు.

ఫస్ట్ సర్వీస్ డ్యూటీ ఉన్నరోజు తెల్లవారుజామున బస్సెక్కే ముందు ఒక ఇనుప రాడ్డు పట్టుకుని చుట్టూ తిరుగుతూ టైర్లను ఒక్కొక్కటే కొట్టి చప్పుడు వినేవాడట. బస్సుకు వెనక రెండేసి టైర్లు ఉంటాయి. లోపలి టైర్లో గాలి దిగినా బయటిది మోస్తుంటుంది కాబట్టి కంటికి తెలియదు, చెవికే తెలుస్తుంది. గాలి నిండుగా ఉంటే టంగుమంటుంది, దిగితే దబ్బుమంటుంది.

నేను కారు నేర్చుకున్నది ముప్పై ఎనిమిదేళ్లకు. ముందు డ్రైవింగ్ స్కూల్ వాళ్లు నేర్పారు. తర్వాత ఆదివారాలు కాకతీయ యూనివర్సిటీ వైపు ఖాళీ రోడ్ల మీద బాపు మళ్లీ మొదటి నుంచీ నేర్పాడు. మొదటి ఆదివారం తాళం కూడా తిప్పనివ్వలేదు. "దిగు బిడ్డా. సుట్టూ తిరుగు. ముందుగాల దాని మొకం చూడు, కాళ్లు చూడు, కడుపు కింద చూడు" అన్నాడు. మొకం అంటే లైట్లు, అద్దం, వైపర్లు. కాళ్లంటే టైర్లు. కడుపు కింద అంటే నేల మీద ఏమైనా కారిన మరకలున్నాయా అని. ఏసీ నీళ్లయితే ఫరవాలేదు. నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిలు, పచ్చగానో ఎర్రగానో తియ్యటి వాసనేస్తే కూలెంట్. చక్రం లోపలి వైపు నుంచి సన్నగా నూనెలాంటిది కారుతుంటే అది బ్రేక్ ఆయిల్ కావచ్చు, ఆ రోజు బండి తీయొద్దు.

ఇప్పటికీ ఆదివారం పొద్దున టీ తాగాక ఆ పదిహేను నిమిషాలు బండిదే.

టైర్ల గురించి కాస్త ఎక్కువే రాస్తాను. సీటు కవర్లకు, స్పీకర్లకు వేలు పోసేవాళ్లు కూడా గాలి కొట్టించడానికి బద్ధకిస్తారు. డ్రైవర్ డోర్ తీస్తే పక్క స్తంభం మీద ఒక స్టిక్కర్ ఉంటుంది, ముందు టైర్లకు ఎంత, వెనక వాటికి ఎంత అని. నా బండికి 33 పాయింట్లు, అంటే పీఎస్‌ఐ. టైరు గోడ మీద అచ్చు వేసిన ఒత్తిడి అంకె ఆ టైరుకు గరిష్ఠం, అది చూసి కొట్టించకూడదు. స్టిక్కర్ మీది అంకె చల్లటి టైరుకు చెప్పింది. అందుకే నేను నాలుగైదు వందలు పెట్టి ఒక గేజ్ కొనుక్కున్నాను, పొద్దున్నే బండి కదలకముందే చూసుకుంటాను. వేడి అయిదారు డిగ్రీలు పెరిగితే ఒత్తిడి దాదాపు ఒక పాయింటు పెరుగుతుంది. మధ్యాహ్నం పరకాల నుంచి నడిచొచ్చిన టైరు 37 చూపించిందని గాలి తీసేస్తే, తెల్లారేసరికి అది 29కి దిగి కూర్చుంటుంది.

బంకులో గాలి కొట్టే పిల్లలు ప్రతి ఎండాకాలం ఒకటే పాట. "ఎండలు మేడం, ఇరవై ఎనిమిది చాలు, ఎక్కువైతే పేలుతది." ఉన్నది సరిగ్గా దానికి తిరగేసి. గాలి తక్కువైతే టైరు గోడ ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగి లేస్తుంది. ఇనుప తీగను అటూ ఇటూ నాలుగుసార్లు వంచి ముట్టుకుంటే ఎట్లా కాలుతుందో తెలుసు కదా, ఆ వేడే టైర్లో పుడుతుంది. దానికి మన మే నెల తారు రోడ్డు, డిక్కీ నిండా సామాను, బండిలో అయిదుగురు తోడైతే పేలేది అప్పుడు.

స్టెప్నీ కథ కూడా చెప్పాల్సిందే, సిగ్గు విడిచి. 2022 మార్చిలో, ఒంటిపూట బడులు నడుస్తున్నాయి. మధ్యాహ్నం తిరిగొస్తుంటే పరకాల రోడ్డు మీద పంక్చర్ అయింది. జాకీ పెట్టడం, పాన తిప్పడం నాకు వచ్చు, ఆ గర్వంతోనే చీర కొంగు దోపుకుని అరగంటలో టైరు మార్చాను. జాకీ దించగానే స్టెప్నీ అప్పడంలా నేలకు అంటుకుపోయింది. గేజ్ పెడితే 14. నాలుగు టైర్లకూ ప్రతి వారం గాలి చూసే దాన్ని, డిక్కీలో కార్పెట్ కింద పడుకున్న అయిదోదాన్ని ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా తీసి చూడలేదు. గూడెప్పాడ్ దాకా పక్కకు జరిగి జరిగి ఆటోలకంటే మెల్లగా వచ్చాను. పంక్చర్ షాపాయన టైరును తిప్పి గోడ మీద ఒక చోట వేలు పెట్టి చూపించాడు. డాట్ అని మొదలయ్యే అక్షరాల వరుస చివర నాలుగంకెలు, 4713. అంటే 2013లో 47వ వారంలో తయారైంది. రబ్బరు వాడినా వాడకపోయినా ముసలిదవుతుంది, అంచుల్లో సన్నటి పగుళ్లు కనిపిస్తున్నాయి. "స్టెప్నీ గూడ టైరే కద మేడం" అన్నాడాయన. పదో తరగతి పిల్లలకు ఇరవై ఏళ్లుగా పాఠాలు చెప్తున్న నాకు ఎదురు మాట రాలేదు.

అప్పటి నుంచి కొత్త టైర్లు కొన్నా ముందు ఆ నాలుగంకెలే చదువుతాను. షాపులో ఏళ్ల తరబడి పడి ఉన్న టైరును కొత్త ధరకు అంటగట్టే ప్రయత్నం నాకు ఒకసారి జరిగింది. అరుగుదల చూడటం కూడా కష్టమేం కాదు. గాడిలోపల అక్కడక్కడా చిన్న దిమ్మెలు ఉంటాయి, 1.6 మిల్లీమీటర్ల ఎత్తున. టైరు అరిగి వాటితో సమానమైతే దాని పని అయిపోయినట్టే. నేనైతే వానాకాలం రాకముందే, అంతకంటే కాస్త ఎక్కువుండగానే మారుస్తాను.

బోనెట్ కింద పెద్దగా చెప్పడానికి లేదు. సమంగా ఉన్న నేల మీద, ఇంజన్ ఆపిన పదినిమిషాలకు డిప్‌స్టిక్ తీసి గుడ్డతో తుడిచి మళ్లీ ముంచి తీస్తే ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి. పై గీత దాటించి పోస్తే మంచిదనుకునేవాళ్లున్నారు, అదీ నష్టమే. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీలుస్తుంది, అందుకే బాగా కనిపించినా రెండేళ్లకోసారి మార్పిస్తాను. బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగా పచ్చగా పూత పేరుకుంటే వేడినీళ్లు పోసి కడిగి, ఆరాక కాస్త వాసెలీన్ రాస్తాను.

కూలెంట్ దగ్గర మాత్రం ఒక మాట. ఇంజన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయకూడదని అందరికీ తెలుసు, అయినా రోడ్డు పక్కన చేతులు కాల్చుకునేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. తెలియనిది రెండోది. తగ్గిందని ఇంట్లో బోరు నీళ్లు పోయొద్దు. మా ఇంట్లో గీజర్ రాడ్డుకు ఆర్నెల్లలో పట్టే సున్నపు పొరను చూస్తే చాలు, ఆ నీళ్లు రేడియేటర్ సన్న గొట్టాల్లో ఏం చేస్తాయో అర్థమవుతుంది. డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంటే పోయాలి.

స్కూల్లో నా బండికి వేపచెట్టు నీడ ఉంది. నీడ మంచిదే, కానీ ముందు అద్దం కింద జాలీలో ఆకులు, పూత నిండి నీళ్లు పోయే దారి మూసుకుపోతే వాననీళ్లు కాళ్ల దగ్గరికి వస్తాయి. నాకొచ్చాయి. చేత్తో తీసి పారేస్తే అయిపోయేదానికి రెండు రోజులు కార్పెట్ ఎండబెట్టుకున్నాను. ఇక ఎలుకలు. మా వీధిలో అందరూ బోనెట్ కింద పొగాకు కాడలు కడతారు. నేనూ కట్టాను. వారం రోజులు బండి పాన్ డబ్బాలా వాసనొచ్చింది, తొమ్మిదో రోజు వాషర్ పైపు కొరికాయి. పొగాకు మీద నాకు నమ్మకం లేదు, బండిలో తిండి మిగలనివ్వకపోవడం మీద ఉంది.

ఇప్పుడు నడపడం. బాపు నేర్పిందంతా కేఎంపీఎల్ చుట్టూనే తిరుగుతుంది. "బ్రేక్ తొక్కినవంటే తాగిన డీజిల్ రోడ్డు మీద పారబోసినట్టే" అంటాడు. మొదట్లో నాకు ఇది పిసినారితనంలా అనిపించేది. తర్వాత తెలిసింది, బ్రేక్ తక్కువ తొక్కాలంటే దూరంగా చూడాలి. ముందు పోయే బస్సు ఇండికేటర్ వేసిందంటే స్టాప్ వస్తోందని, రోడ్డు పక్కన బర్రె తల ఇటు తిప్పిందంటే దాటుతుందని, స్కూల్ పిల్లల సైకిళ్లు జంటగా పోతుంటే ఒకటి ఇటు ఒరుగుతుందని ముందే పసిగట్టి, యాక్సిలరేటర్ మీద కాలు ఎత్తాలి. పెట్రోల్ మిగలడం ఆ చూపుకు కొసరు. అసలు సంగతేంటంటే, ఇరవై తొమ్మిదేళ్లలో బాపు బస్సు కింద ఎవరూ పడలేదు. రిటైరైన రోజు డిపోలో దండ వేస్తే, ఇంటికొచ్చి కేఎంపీఎల్ గురించే మాట్లాడాడు.

ఇద్దరం వాదించుకునే విషయాలూ ఉన్నాయి. పొద్దున బండి స్టార్ట్ చేసి అయిదు నిమిషాలు అట్లాగే ఉంచాలంటాడు బాపు. పాత డీజిల్ ఇంజన్ల అలవాటు అది. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్‌కు అరనిమిషం చాలు, తర్వాత ఒకటి రెండు కిలోమీటర్లు రేస్ చేయకుండా మెల్లగా నడిపితే అదే వేడెక్కుతుంది. ఆయన ఒప్పుకోడు, నేనూ ఒప్పుకోను. కానీ న్యూట్రల్ విషయంలో ఇద్దరిదీ ఒకే మాట. మా హిందీ పండిట్ సార్ దిగుడు వస్తే చాలు గేరు న్యూట్రల్ చేస్తాడు, పెట్రోల్ మిగులుతుందని. గేరులో ఉంచి కాలు పూర్తిగా ఎత్తేస్తే, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతుంటాయి కాబట్టి కంప్యూటర్ పెట్రోల్‌ను పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్‌లో పెడితే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోల్ పోస్తూనే ఉండాలి. పైగా ఇంజన్ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. నల్లబల్ల మీద బొమ్మ వేసి చెప్పినా సార్ మారలేదు. హాఫ్ క్లచ్ మీద కాలు పెట్టి నడిపే అలవాటు మాత్రం క్లచ్ ప్లేట్ బిల్లు చూశాక మానుకున్నాడు.

వేగం గురించి మా పదో తరగతికి ఒక లెక్క ఇస్తుంటాను. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక సెకనుకు ఎన్ని మీటర్లు పోతుంది? 22 మీటర్లు. ఎదురుగా ఏదో కనిపించి, అది ఏందో అర్థమై, కాలు బ్రేక్ మీదికి పోవడానికి సెకనున్నర అనుకుందాం. 33 మీటర్లు. మా క్లాస్‌రూమ్ పొడవు ఎనిమిది మీటర్లు. అంటే బ్రేక్ పడకముందే నాలుగు తరగతి గదులు దాటేశాం, ఆగడం ఇంకా మొదలే కాలేదు. ఆ రోజు పిల్లలు వరండాలో అడుగులు కొలుచుకుంటూ నడుస్తుంటే చూడాలి. అందుకే ముందు బండి ఒక కరెంటు స్తంభం దాటాక నిదానంగా మూడు లెక్కపెట్టి అప్పుడు నేను దాటేట్టు చూసుకుంటాను, వానలో అయితే అయిదు.

ఇంకో లెక్క నాకోసం వేసుకున్నాను. హైవే ముక్క 20 కిలోమీటర్లు 60తో పోతే 20 నిమిషాలు, 80తో పోతే 15. మిగిలేది అయిదు నిమిషాలు. గాలి అడ్డగింపు వేగం వర్గంతో పెరుగుతుంది, 60 నుంచి 80కి పోతే దాదాపు 1.8 రెట్లు. ఆ అయిదు నిమిషాలు ప్రేయర్‌కు ముందు స్టాఫ్ రూములో కూర్చోవడానికే పోతాయి కదా అనుకుని 65 దగ్గర స్థిరపడ్డాను. వెనక నుంచి ఇసుక లారీలు హారన్ కొడతాయి. కొట్టుకోనీ, ఎడమకు జరిగి దారిస్తాను.

ఇవన్నీ తెలిసి కూడా ఒకసారి తప్పు చేశాను. రెండేళ్ల కింద నవంబరులో. కోతలు అయిపోయి రోడ్ల మీద వడ్లు ఎండబోసిన రోజులు. మన దగ్గర కల్లాలు చాలవు, రైతుకు వేరే దారి లేదు, ఆ సంగతి నాకు తెలుసు. సగం రోడ్డు దాకా వడ్లు, అంచున వరసగా రాళ్లు, సాయంత్రం కాగానే మీద నల్ల టార్పాలిన్. ఆరోజు స్కూల్లో మీటింగ్ అయి బయల్దేరేసరికి పొద్దుగూకింది. నల్ల రోడ్డు మీద నల్ల కవర్, నల్ల రాళ్లు, ఏదీ విడిగా కనిపించదు. రాళ్లను తప్పించుకుని మిగిలిన సగం రోడ్డులో వస్తున్నాను, ఎదురుగా ఇద్దరు పిల్లలున్న బైకు. అదే సగం రోడ్డు వాళ్లకూ కావాలి. బ్రేక్ మీద నిలబడ్డాను.

కవర్ కప్పినా, పొద్దంతా బండ్లు తిరగడంతో వడ్లు ఇటు కూడా చింది పరుచుకుని ఉన్నాయి. వడ్ల మీద బ్రేక్ వేయడమంటే శనగల మీద చెప్పుకాలు పెట్టినట్టు. చక్రాలు తిరగడం ఆగిపోయాయి, బండి ఆగలేదు. స్టీరింగ్ ఎడమకు తిప్పుతున్నాను, బండి నేరుగా బైకు వైపే జారుతోంది. గరగరమని ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. ఏబీఎస్ ఉంటే ఆ పని అదే చేసేది, బ్రేక్‌ను పట్టి వదిలి పట్టి వదిలి. నా బండిలో ఆ పని నా కాలు చేయాలి, కానీ భయంలో కాలు ఎత్తడమనేది మనిషికి రాదు. బ్రేక్ వదలడం బాపు వానలో పదిసార్లు చేయించిన ఆదివారాలు గుర్తొచ్చాయో, బాపు గొంతే వినిపించిందో, "ఇడిసిపెట్టు, ఇడిసిపెట్టు!" అని. బ్రేక్ వదిలాను. ఆ క్షణంలోనే చక్రాలు తిరిగాయి, స్టీరింగ్ పట్టుకుంది, బండి టార్పాలిన్ ఎక్కి ఒక రాయిని తన్ని ఆగింది. బైకు పక్క నుంచి పోయింది. వాళ్లు ఆగలేదు, ఏం జరగబోయిందో వాళ్లకు తెలిసిందో లేదో కూడా తెలియదు.

వడ్ల పక్కన మంచం వేసుకుని పడుకున్న ముసలాయన లేచి వచ్చాడు. తిడతాడనుకున్నాను. టైరు చూసి, నన్ను చూసి, "నీళ్లు తాగుతవా బిడ్డా" అన్నాడు. తాగి, చిందిన వడ్లు ఆయనతో కలిసి చేత్తో ఎత్తి పోసి, ఇరవై స్పీడులో మెల్లగా ఇంటికొచ్చాను. కింద ప్లేటు సొట్టపోయింది, అలైన్‌మెంట్ తప్పింది. బాపుకు చెప్తే మొదటి ప్రశ్న "ఎంత స్పీడ్ల ఉన్నవ్?" యాభై అన్నాను. మాట్లాడలేదు. కోతల కాలంలో పొద్దుగూకాక ఇప్పుడు ఆ రోడ్డు మీద నేను నలభై దాటను. పత్తి ట్రాక్టర్లు ఏనుమాముల మార్కెట్‌కు వెనక లైట్లు లేకుండా పోయేదీ ఆ నెలల్లోనే.

బెల్టు గురించి పెద్దగా రాయను, ఒక్క సంఘటన చాలు. ముగ్గురు సహోద్యోగులు నాతో వస్తారు, పెట్రోల్ పంచుకుంటాం. ముందు కూర్చునేవాళ్లు బెల్టు పెట్టుకునేవారు, వెనకవాళ్లు నవ్వేవారు. "ఎన్క సీటుకు గూడనా మేడం? మనం ఏమన్న ఇమానంల పోతున్నమా?" అని హిందీ సార్. 2022 సెప్టెంబరులో టాటా సన్స్ మాజీ చైర్మన్ సైరస్ మిస్త్రీ పాల్ఘర్ దగ్గర ప్రమాదంలో చనిపోయారు. ఖరీదైన కారు, ఎయిర్‌బ్యాగులు ఉన్న కారు. ఆయన కూర్చున్నది వెనక సీట్లో, బెల్టు పెట్టుకోలేదు. మర్నాడు నేను బండి స్టార్ట్ చేయకుండా కూర్చున్నాను. "సార్, మీరు డెబ్భై అయిదు కిలోలు. బండి ఆగితే మీరు ఆగరు, ముందు సీటును గుద్దుతారు. ముందు సీట్లో ఉన్నది నేను" అన్నాను. నా ప్రాణం అన్నాక పెట్టుకున్నాడు. ఇప్పుడు అలవాటైంది, ఆటోలో కూడా భుజం దగ్గర వెతుక్కుంటున్నాడట.

వాన సంగతి మన ఊరివాళ్లకు చెప్పక్కర్లేదు. 2023 జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది, వరంగల్‌లో హంటర్ రోడ్డు చెరువైంది. అక్కడ మా చుట్టాలాయన కారు సీట్ల దాకా మునిగింది. నీళ్లు తీశాక ఆయన చేసిన మొదటి పని తాళం తిప్పడం. అదే చేయకూడనిది. ఇంజన్ సిలిండర్‌లోకి నీళ్లు చేరి ఉంటే పిస్టన్ పైకి వచ్చి నీళ్లను నొక్కాలని చూస్తుంది. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నీళ్లలో నడుస్తుండగా బండి ఆగిపోయినా ఇంతే, మళ్లీ స్టార్ట్ చేయకుండా తోసుకుని బయటికి తెచ్చి, లాగించుకుని మెకానిక్ దగ్గరికి పంపాలి. ఆయనకు ఇన్సూరెన్స్ ఉంది, కానీ ఇంజన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవర్ తీసుకోలేదు. నీళ్లు చేరాక స్టార్ట్ చేయడం వల్ల చెడింది కాబట్టి ఇంజన్ డబ్బు ఇవ్వం అన్నారు. నా పాలసీ తీసి చూసుకుంటే నాకూ లేదు. బండి పాతబడింది కాబట్టి ఆ కవర్ ఇవ్వం అని కూడా అన్నారు. కాబట్టి వాన పెద్దదైతే హంటర్ రోడ్డు వైపే పోను, బండి తీయకుండా సెలవు పెట్టిన రోజులూ ఉన్నాయి.

చివరికి నా లెక్కల పుస్తకం. పాత అటెండెన్స్ రిజిస్టర్ ఒకటి డాష్‌బోర్డులో ఉంటుంది. ట్యాంకు ఫుల్ చేయించిన రోజు మీటర్ రీడింగ్, లీటర్లు రాస్తాను. మళ్లీ ఫుల్ చేయించినప్పుడు నడిచిన కిలోమీటర్లను పోసిన లీటర్లతో భాగిస్తే మైలేజ్. పంపు దానంతటదే ఆగే మొదటి కటాఫ్ పడగానే ఆపించాలి, "రౌండ్ ఫిగర్ చేస్తా మేడం" అంటే వద్దనాలి, లేకపోతే లెక్క చెడుతుంది. ఈ పుస్తకం డాక్టరు దగ్గర పెట్టుకునే ఫైల్ లాంటిది. ఒకసారి 18 ఉండేది ఉన్నట్టుండి 16కి పడింది. వెతికితే వెనక ఎడమ చక్రం బ్రేక్ పట్టేసుకుని ఉంది, నడిచొచ్చాక ముట్టుకుంటే ఆ ఒక్క చక్రం కాలిపోతోంది. గాలి ఏడు పాయింట్లు తక్కువైతే నాకు అరకిలోమీటరు తగ్గింది, జనం చెప్పుకునేంత కాదు. ఫిల్టర్ మార్చితే మైలేజ్ పెద్దగా మారలేదు, పికప్ మారింది.

పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ వచ్చాక 18.6 నుంచి 17.8కి దిగింది. దానికీ లెక్క ఉంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ. ఇరవై శాతంలో మూడో వంతు అంటే ఆరున్నర శాతం పైచిలుకు దాకా తగ్గొచ్చు, నాకు నాలుగు శాతమే తగ్గింది. పాత బండి కదా అని కాజీపేట మెకానిక్ అన్నతో పెట్రోల్ పైపులు పగుళ్లు లేకుండా ఉన్నాయో లేదో చూపించాను, ఒకటి మార్చాడు. పాతది నా చేతిలో పెట్టాడు, చుక్క అవసరం లేకుండా.

బాపుకు ఇప్పుడు డెబ్భై నాలుగు. కంటి ఆపరేషన్ అయ్యాక స్టీరింగ్ ముట్టలేదు, పక్క సీట్లో కూర్చుంటాడు. ముందు ఏదైనా అడ్డొస్తే నాకంటే ముందు ఆయన కుడికాలు మ్యాట్‌ను నొక్కుతుంది. పోయిన ఆదివారం రామప్పకు తీసుకుపోయాను. తిరిగొచ్చాక బంకులో ఫుల్ చేయించి రిజిస్టర్‌లో భాగహారం చేస్తుంటే తొంగిచూసి "ఎంతొచ్చింది?" అన్నాడు.

"పదిహేడు పాయింట్ ఎనిమిది."

"ఎంతమందిమి ఉన్నం?"

"నలుగురం."

కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. "నా బస్సు అయిదు పాయింట్ ఆరు ఇచ్చేది. యాభై మందిని కూసుండవెట్టుకొని."

నేను మనసులో గుణించాను. 17.8 ఇంటూ నాలుగు, 71. 5.6 ఇంటూ యాభై, 280. రిజిస్టర్ మూసి డాష్‌బోర్డులో పెట్టి బండి స్టార్ట్ చేశాను.

"అద్దం చూసినవా?" అన్నాడు బాపు.